బండి రాని ఇల్లు

ఎంపీ ఆఫీసు మనిషి చెప్పులతోనే పట్టుపురుగుల షెడ్డులోకి రాబోయాడు. తిమ్మరాయప్ప చేతిలోని మల్బరీ కొమ్మను గడపకు అడ్డం పెట్టాడు.

"చెప్పులు బయట విడువు. ఆ సున్నం మీద కాళ్ళు తుడుచుకొని రా. నీ కాళ్ళ దుమ్ముకు నా పురుగులు చస్తాయి."

తమిళంలో అన్నాడు. ఇల్లు దాటితే అతని మాట తమిళమే. వచ్చినవాడి పేరు సెంతిల్. మారండహళ్ళి రోడ్డు మీద కారు ఆపి, పొలం గట్టు మీద అర కిలోమీటరు నడిచి, కాలువకు అడ్డంగా వేసిన కొబ్బరి మొద్దు దాటి వచ్చాడు. దాటేటప్పుడు కాలు జారినట్టుంది, ప్యాంటు మోకాలి దాకా తడిసి ఉంది. అన్నదమ్ముల రెండిళ్ళకూ అదే దారి.

"పురుగుల సంగతి తర్వాతయ్యా. మీ తమ్ముడి సంగతి మాట్లాడడానికి వచ్చాను."

తిమ్మరాయప్ప ఆకు పరచడం ఆపలేదు. నాలుగో జ్వరం లేచి, చివరిసారి పొర విడిచిన పురుగులు. రోజుకు మూడు మేతలు. ఒక్క మేత తప్పితే గూడు పలచనవుతుంది. ఒక కొమ్మ తల పక్కన ఇంకో కొమ్మ మొదలు వచ్చేట్టు వరసగా పరుస్తూ పోయాడు. పురుగులు కిందినుంచి పైకెక్కి కొరకడం మొదలుపెట్టాయి. రేకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు.

తమ్ముడు సుబ్బన్నను ఢిల్లీ దర్యాప్తు సంస్థవాళ్ళు పట్టుకుపోయి పద్నాలుగు నెలలు. సుబ్బన్న బావులకు వెడి పెట్టేవాడు. రాతికి బెజ్జం వేసి, మందుకడ్డీ కూరి, పేల్చి, నీళ్ళు పడేదాకా తవ్వడం పని. ఆ కడ్డీలు దేశం మీద కత్తి కట్టినవాళ్ళకు అమ్మాడని కేసు. సాక్ష్యం ఒకటే. అన్న సంతకం ఉన్న నాలుగు కాగితాలు.

"శుక్రవారం ధర్మపురి కలెక్టరేట్‌కు పార్లమెంటు కమిటీ వస్తోంది," అన్నాడు సెంతిల్. "మా ఎంపీ అందులో ఉన్నాడు. ఆ సంస్థ డైరెక్టరు కూడా వచ్చి వాళ్ళ ముందు కూర్చోవాలి. ఎంతమందిని ఊరికే లోపల వేశారని అడిగితే, పోయిన నెల ఢిల్లీలో ఏమన్నాడో తెలుసా? మా దగ్గర ఏ వాంగ్మూలమైనా మనిషి తల్లిభాషలోనే రాస్తాం, చదివి వినిపిస్తాం, ఆ తర్వాతే సంతకం అన్నాడు. అని, ఒక కాగితం తీసి చూపించాడు. అది మీదే."

"నాదా?"

"మీదే. తమిళనాడులో ఉన్నా తెలుగువాడి మాట తెలుగులోనే రాశాం, చూడండి అన్నాడు. మీకు తెలుగు చదవడం వచ్చా?"

"రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. బడిలో చదివింది తమిళం."

సెంతిల్ తొడ చరుచుకున్నాడు. "అంతే, ఇంకేం కావాలి! ఆ కాగితంలో ఏముందో నాకు తెలియదు, నేను చెప్పలేదు, వాళ్ళే రాసుకున్నారు అనండి. రెండు దెబ్బలు వేశారని కూడా అంటే ఇంకా మేలు."

"కొట్టలేదు. టీ ఇచ్చారు."

"టీ సంగతి ఎవరడిగారు? మీ మాట పడితే డైరెక్టరు కుర్చీ కదులుతుంది. మీ తమ్ముడు బయటికి వస్తాడు."

"మీ ఎంపీకి ఆ కుర్చీ కావాలా?"

"ఆ కుర్చీ కాదు," సెంతిల్ నవ్వాడు. "దాంట్లో అతన్ని కూర్చోబెట్టిన మంత్రి కుర్చీ."

ఈ ఒక్క మాట నిజం చెప్పాడని తిమ్మరాయప్ప అనుకున్నాడు. పద్నాలుగు నెలల్లో ఈ గట్టు మీద కాలు పెట్టని మనిషికి ఇప్పుడు ప్యాంటు తడిసినా పరవాలేదంటే, అది సుబ్బన్న కోసం కాదు.

సెంతిల్ కాలువ దాటేదాకా చూసి నంజమ్మ లోపలికి వచ్చింది. సుబ్బన్న పెళ్ళాం. తలమీది ఆకు మోపు దించి, మెడ విరుచుకుంది. మల్బరీకి పారే నీళ్ళు ఆమె మోటారువి. మొగుడు జైలుకు పోయినాక సొంత సేద్యం నిలిపేసి, నీళ్ళు బావకు ఇచ్చి, బావ దగ్గరే ఆకు కోతకు వస్తోంది.

"ఏమంటాడు బావా ఆ తెల్లచొక్కా?"

"శుక్రవారం రమ్మంటాడు. నేను చెప్పలేదని చెప్పాలంట."

"చెప్పలేదు గదా?"

పురుగుల మీద ఎండుటాకు ఒకటి పడింది. తిమ్మరాయప్ప దాన్ని రెండు వేళ్ళతో తీసి బయట పారేశాడు.

"చెప్పలేదు. వాళ్ళే రాసుకున్నారు."

*

కాగితాల నకలు వకీలు ఇచ్చి ఏడాది అయింది. గుండ్రటి అక్షరాలు, చేతిరాత, కింద తమిళంలో తన సంతకం. చదివే మనిషి దొరకలేదని అందరితో అన్నాడు. దొరకలేదా, వెతకలేదా అని ఎవరూ అడగలేదు. గురువారం పొద్దున అడిగింది సుబ్బన్న కూతురు ఉషా. చెట్టికరైలో ఇంజినీరింగు చదువుతుంది.

"పెద్దనాయనా, అదేమన్నా పెళ్ళిపత్రికనా, ఇంట్లో పెట్టుకొని చూసేకి? రేపు వాళ్ళు లైను లైనుగా అడుగుతారు. చదవకుండా ఎగ్జాముకు పోతే ఫెయిలే."

"ఫోనులో పెడితే చదువుతాదంటివే?"

"చేతిరాత గదా, దానికి రాలేదు. మా హాస్టల్ మెస్సులో సరసక్క ఉంది. కుప్పం ఆమె. రోజూ తెలుగు పేపరు చదువుతాది. రా, పోదాం."

కాదనడానికి అతనికి సాకు దొరకలేదు. దొరకకపోవడం మీదే అనుమానం వచ్చింది. ఈ పిల్లను నంజమ్మ పంపిందా? బస్సులో కూర్చున్నంతసేపూ పక్కనున్న ఉషా ముఖం చూస్తూ పోయాడు. ఆమె చెవుల్లో వైర్లు పెట్టుకుని పాట వింటోంది.

మెస్సు వెనక సరసు గోంగూర వలుస్తోంది. యాభై ఏళ్ళ మనిషి. ఉషాకు క్లాసు ఉంది. "అక్కా, మా పెద్దనాయన. నిన్న చెప్పినా గదా," అని అప్పగించి పోయింది.

"కూర్చోన్నా," అంది సరసు. చేతులు కడిగి, కొంగుకు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఊరకనే కూర్చోకు. ఆ ఆకు వలువు. నేను చదువుతా, నువ్వు పని చెయ్."

తిమ్మరాయప్ప గోంగూర కట్ట ఒళ్ళోకి తీసుకున్నాడు. అతను కాచుకుని ఉన్నది ఒక్కదానికి. ఎక్కడో ఒకచోట తనది కాని మాట వస్తుంది. అక్కడ పట్టుకోవచ్చు. ఇది నాది కాదు, ఇది వాళ్ళు దూర్చింది అని వేలు పెట్టి చూపించవచ్చు.

సరసు నిదానంగా చదివింది. పేరు, తండ్రి పేరు, ఊరు. తర్వాత:

"'నా తమ్ముడు సుబ్బన్న బావులకు వెడి పెడతాడు. మిగిలిన కడ్డీలు ఇంటికి తెచ్చుకుంటాడు. వాని వాకిట్లో బండ్లు నిలబడతాయి. నాకు తెలియని మనుషులు వస్తారు, పోతారు. ఏమి మోసుకుపోతారో నన్నడిగితే నేనేమి చెప్పేది? వానికి అడ్డం చెప్పేవాళ్ళు లేరు. నా బావికి ఇరవై అడుగుల్లో బావి తవ్వినాడు. నా బావి ఎండింది. నా తోట ఎండింది. తోడబుట్టినవాని నోట్లో మన్ను కొట్టినవాడు ఇంకెవరి నోట్లో కొట్టడు?'"

గోంగూర కాడ చేతిలోనే ఉంది.

వాంగ్మూలం ఇచ్చిన రోజు ఆ సంస్థ ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది. బల్ల అవతల కుర్రవాడు, ఇన్‌స్పెక్టరు, "మనదే ఊరన్నా?" అని తెలుగులో అడిగాడు. తిమ్మరాయప్ప పుట్టిన తర్వాత ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషి అతనితో తెలుగు మాట్లాడటం అదే మొదలు. కరెంటాఫీసు, తాలూకా ఆఫీసు, పోలీసు స్టేషను, ఎక్కడైనా తమిళం. తమిళంలో అయితే ప్రతి మాటనూ పళ్ళ వెనక ఒకసారి చూసుకుని వదులుతాడు. తెలుగులో అట్లా చూసుకునే అలవాటు లేదు. తెలుగు అంటే అన్నం తింటూ మాట్లాడేది, పెళ్ళాం బతికి ఉన్నప్పుడు ఆమెతో తమ్ముణ్ణి తిట్టుకునేది. టీ వచ్చింది. తిట్టుకున్నాడు.

"అయిపాయె," అంది సరసు. నాలుగో కాగితం తిప్పి, వెనక ఏమీ లేదని చూసింది. "రాసినాయన బాగనే రాసినాడు. అచ్చం మా మామ తిట్టినట్టే ఉంది."

తిమ్మరాయప్ప ఒళ్ళోని కట్ట సర్దుకున్నాడు.

"బండ్లు వచ్చేది నిజమేనా అన్నా?"

అతను కాడ విరిచాడు. ఆకు ఒకపక్క, కాడ ఒకపక్క వేశాడు.

"పాప అడుగుతాది గదా. ఏమి చెప్పాల?"

"అక్షరం సరిగా కనపడలేదని చెప్పు."

సరసు కళ్ళద్దాలు తీసి మడిచింది. "నాకు బాగనే కనపడతాదన్నా. నేనేమీ చెప్పను. నీ నోటిమాట, నువ్వే చెప్పుకో."

*

శుక్రవారం పొద్దునకు పురుగులు పండాయి. పండిన పురుగు మేత మానేస్తుంది. ఒళ్ళు గాజులాగా, వెలుతురుకు పెడితే అవతలి వేలు కనపడేట్టు అవుతుంది. తల ఎత్తి గాలిలో వెతుకుతుంది. వెంటనే ఏరి, గూడు అల్లుకునే వెదురు తట్ట చంద్రిక మీద వెయ్యాలి. ఆలస్యమైతే పట్టంతా ఆకుల మీద కక్కేస్తుంది.

తెల్లారి నుంచి ఇద్దరూ ఏరారు. నంజమ్మ చేతివేళ్ళు అతనికంటే చురుకు. వెదురు చంద్రిక సందుల్లో ఒక్కో పురుగునూ ఎడం ఎడంగా పెడుతోంది. మిగిలింది తర్వాత తాను వచ్చి ఏరుతానని పక్క ఊరి కాళియమ్మాళ్ ముందే చెప్పింది.

"మీ తమ్ముడు వస్తాడంటావా బావా?" నంజమ్మ తల ఎత్తకుండా అడిగింది.

చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. షెడ్డులో మూడో మనిషి ఇంకా రాలేదు. చేతిలో పురుగు చల్లగా కదులుతోంది. తిమ్మరాయప్ప దాన్ని చంద్రికలో పెట్టాడు. ఇంకొకటి తీశాడు.

"చూద్దాం," అన్నాడు.

కలెక్టరేట్‌లో గేటు దగ్గర ఒకరు, మెట్ల దగ్గర ఒకరు, తలుపు దగ్గర ఒకరు పేరు అడిగారు. ముగ్గురూ రాసుకున్నారు. నంజమ్మను లోపలికి విడవలేదు. వరండాలో బెంచీ చూపించారు. సెంతిల్ పరుగున వచ్చి తిమ్మరాయప్ప చొక్కా కాలరు సరిచేశాడు.

"గుర్తుంది కదా? చదవడం రాదు, చెప్పలేదు. రెండు మాటలు."

తలుపు పక్కన గోడకు ఆనుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. ఆ ఇన్‌స్పెక్టరే. చిక్కిపోయాడు. సెంతిల్ అటు పోగానే దగ్గరికి వచ్చాడు.

"బాగున్నావా అన్నా?" అదే తెలుగు, అదే మెత్తదనం. చొక్కా గుండీలో ఏదైనా రికార్డరు పెట్టుకున్నాడేమోనని తిమ్మరాయప్ప గుండీల వంక చూశాడు.

"నేను ఒక్క ముక్క కలపలేదన్నా. నువ్వు చెప్పిందే రాశాను."

"ఎరుకే. చదివించినా."

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "నువ్వు కాదన్నావంటే మా వాళ్ళు నన్ను ఒక్కణ్ణే పట్టిస్తారు. దొంగ కాగితం రాశాడని లోపల వేస్తారు. పైవాళ్ళకేమీ కాదు. నీకు తెలియంది కాదు."

"నాకేమి తెలుసప్పా పైవాళ్ళ సంగతి?" అన్నాడు తిమ్మరాయప్ప.

వీడు బతిమాలేది నిజమా, నటనా? తేల్చుకోలేదు. కానీ లెక్క ఒకటి తేలింది. ఒకసారి నోరు విప్పి తమ్ముణ్ణి జైలుకు పంపించాడు. సెంతిల్ చెప్పిన రెండు మాటలు అంటే ఇంకొకడు పోతాడు. ఈ రెండోవాడు చెప్పింది చెప్పినట్టు రాసినవాడు.

పేరు పిలిచారు.

*

పొడుగు బల్ల. ఒకవైపు ఎంపీలు. నడుమ అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, ముందు కాగితాల దొంతర. ఎదురుగా డైరెక్టరు. ఇంత పెద్ద మనిషి ఎట్లా ఉంటాడో అని తిమ్మరాయప్ప చాలాసార్లు ఊహించాడు. బక్కగా, శుభ్రంగా, బ్యాంకు మేనేజరులాగా ఉన్నాడు. అతని ఎడమన ఒక అధికారి, ఆ అధికారి ఎడమన ఇంకొకరు, అట్లా హోదా తగ్గుతూ అయిదుగురు. వరస చివర గోడ దగ్గర, కుర్చీ లేకుండా, ఇన్‌స్పెక్టరు.

ఏ భాషలో చెబుతావని అడిగారు. ఇన్‌స్పెక్టరు, తాను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి చెబుతానని ముందుకు వచ్చాడు.

"వద్దు," అన్నాడు తిమ్మరాయప్ప. "తమిళంలో చెబుతాను."

తర్జుమాకు తమిళ్‌సెల్వి అనే ఉద్యోగిని అతని పక్కన కూర్చుంది. మొదట సెంతిల్ వాళ్ళ ఎంపీ అందుకున్నాడు.

"మీకు తెలుగు చదవడం వచ్చా?"

"రాదు."

ఎంపీ చేతులు చాచి బల్లనంతా చూశాడు. డైరెక్టరు మైకు దగ్గరికి వంగి ఇంగ్లీషులో రెండు ముక్కలు అన్నాడు. చదివి వినిపించాం, అక్షరం మార్చలేదు అంటున్నారని తమిళ్‌సెల్వి చెప్పింది.

"అది మనం అడుగుదాం," అన్నాడు ఎంపీ. "చెప్పండయ్యా. ఈ కాగితంలో ఉన్నవి మీ మాటలేనా?"

తిమ్మరాయప్ప ఒక్కో మాటనూ పళ్ళ వెనక చూసుకున్నాడు.

"నా మాటలే."

ఎంపీ నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది. "భయపడకండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

"భయం లేదయ్యా. మాటలు నావే. కలిపింది ఏమీ లేదు. నేను చెప్పింది అబద్ధం. బావి కోపంతో చెప్పాను. నా తమ్ముడు కడ్డీలు అమ్మడం నేను చూడలేదు."

తమిళ్‌సెల్వి తర్జుమా చేస్తుండగా డైరెక్టరు వెనక్కి ఆనుకున్నాడు. నీళ్ళ సీసా మూత తిప్పాడు. మాటలు నావే అన్నదాకానే అతనికి కావలసింది.

"ఇంకొకటి ఉంది," అన్నాడు తిమ్మరాయప్ప. "తమ్ముడి వాకిట్లో బండ్లు నిలబడతాయని అందులో చెప్పాను. మా ఇళ్ళకు బండి రాదు. రోడ్డు దగ్గర్నుంచి గట్టు. ఒక మనిషి పట్టే గట్టు. నడుమ కాలువ, కాలువ మీద మొద్దు. నా పెళ్ళాం చచ్చిపోతే పాడె మోసేవాళ్ళు కాలువలో దిగి నడిచారు. బండ్లు వాకిట్లో ఎట్లా నిలబడతాయి? ఒక్క మనిషి వచ్చి చూసి ఉంటే నేను అబద్ధాలవాణ్ణని ఆ రోజే తెలిసేది. మీ వాళ్ళు రోడ్డు మీద జీపు ఆపి, ఫోను చేసి, నా తమ్ముణ్ణి టీ కొట్టు దగ్గరికి రమ్మన్నారు. అక్కణ్ణుంచి అట్లాగే తీసుకుపోయారు. పద్నాలుగు నెలలైంది. గట్టు దాటి ఎవరు వచ్చి చూశారు?"



అధ్యక్షురాలు కాగితాలు పక్కకు జరిపి డైరెక్టరును చూసింది. "ఎవరు వెళ్ళి చూశారు?"

డైరెక్టరు ఎడమవైపు చూశాడు. ఆ అధికారి తన ఎడమవైపు చూశాడు. అతను తన ఎడమవైపు. అట్లా అయిదు తలలూ ఒకదాని తర్వాత ఒకటి తిరిగాయి. చివరి చూపు ఇన్‌స్పెక్టరు మీద పడింది. అతని ఎడమన గోడ ఉంది.

"నన్ను వెళ్ళి చూడమని ఉత్తర్వు రాలేదు మేడమ్."

"ఉత్తర్వు ఎవరు ఇవ్వాలి?"

ఈసారి తలలు కుడికి తిరిగాయి. అయిదూ తిరిగాక, తిరగడానికి ఇంకెవరూ లేని చోట డైరెక్టరు ఉన్నాడు. అతను నీళ్ళు తాగి, సీసా మూత బిగించి, మైకులో చెప్పాడు.

"రాతపూర్వకంగా జవాబు ఇస్తామంటున్నారు," అంది తమిళ్‌సెల్వి.

"ఎప్పుడు?" అంది అధ్యక్షురాలు.

"పదిహేను రోజుల్లో."

బల్ల చివరి ఎంపీ ఒకాయన వేలు ఎత్తాడు. అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు నీ మీద కేసు పడుతుంది, తెలుసా అని అడిగించాడు.

"తెలుసు," అన్నాడు తిమ్మరాయప్ప. "పడనీ. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో ఎవరి మీదైనా పడుతుందా?"

తమిళ్‌సెల్వి అతని వంక చూసింది. తర్వాత ఇంగ్లీషులో ఏదో అంది. అడిగిందే అందో, మెత్తగా చేసి అందో అతనికి తెలియలేదు.  ఇంక పోవచ్చన్నారు.

*

వరండాలోకి వచ్చేసరికి, హాల్లోంచి ముందే బయటపడ్డ సెంతిల్ నంజమ్మ ముందు నిలబడి చేతులు ఊపుతున్నాడు. తిమ్మరాయప్పను చూసి గొంతు పెంచాడు.

"మా ఎంపీ పరువు తీశాడమ్మా మీ బావ! ఇంత కష్టపడి పిలిపిస్తే, మాటలు నావే అంటాడా? తమ్ముణ్ణి తనే పట్టించానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. బుద్ధి ఉన్నవాడు ఎవడైనా ఒప్పుకుంటాడా?" అతని ఫోను మోగింది. దాన్ని చెవికి పెట్టుకుని మెట్లు దిగి పోయాడు.

నంజమ్మ బెంచీ మీద కూర్చునే ఉంది. పక్కన టిఫిను డబ్బా. లేవలేదు. తిమ్మరాయప్ప మూడడుగుల దూరంలో ఆగాడు. తిడుతుందనుకున్నాడు. కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తుందనుకున్నాడు. మోటారు ఆపేస్తానంటుందనుకున్నాడు. ఆ మూడింటికీ అతను సిద్ధంగానే ఉన్నాడు. హాల్లో అంతమంది ముందు చెప్పి వచ్చినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాడు.

"మీ తమ్ముణ్ణి విడుస్తారా?" అంది.

"వకీలు ఈ మాట కోర్టులో వెయ్యాల. వేస్తే విడుస్తారనే అనుకుంటా."

ఆమె తల ఊపింది. డబ్బా మూత ఊడివస్తే నొక్కి పెట్టింది. తర్వాత తల ఎత్తి, అతని ముఖంలోకి చూసింది. ఇంట్లో బావ ముఖంలోకి నేరుగా ఎప్పుడూ చూడదు.

"ఢిల్లీ వాళ్ళకు రెండుతూర్లు చెప్పినావు బావా. ఒకతూరి అబద్ధం, ఒకతూరి నిజం. నాకొకతూరి చెప్పు."

మెట్ల దగ్గర జవాను ఎవరిదో పేరు పిలుస్తున్నాడు. తిమ్మరాయప్ప ఆమె ముందు నిలబడ్డాడు. ఇక్కడ తమిళం పనికిరాదు. నోరు తెరిచాడు. తెలుగులో ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, తెరిచిన నోటితో అట్లాగే ఉండిపోయాడు.

నంజమ్మ కాచుకుని కూర్చుంది.